ఎత్తి ఊరుకున్న ఫోన్లు

మా తోటికోడలు కుదురుగా కూర్చుని భోంచేయడం ఈ పదహారేళ్ళలో నేను చూసింది వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. పళ్ళెం చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో ఒక ముద్ద, కిటికీ దగ్గర ఒక ముద్ద, మెట్ల మీద ఒక ముద్ద.

"దీన్ని చూస్తుంటే నేను తిన్నది కూడా అరగటంలేదు" అని మా అత్తగారు విసుక్కునేది.

"తిరుగుతూ తినేది నేను, కూర్చుని తినేది మీరు. మనిద్దర్లో గ్యాసు మాత్రలు ఎవరు మింగుతున్నారత్తయ్యా?" అనేది ఆవిడ, మెట్ల మీంచే.

మాది ఒకటే ఇల్లు, రెండు వాటాలు. కింద ఆవిడా, స్కూలు బస్సు నడిపే మా బావగారూ, అత్తగారూ. పైన నేనూ మా ఆయనా. నేను ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని బిగుతైన బట్టలు వదులు చేయడం, వదులైనవి బిగుతు చేయడం, ఇదీ నా పని. ఆవిడ నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నేను అక్కా అని పిలుస్తాను. ఆఫీసులో మాత్రం అందరూ ఆవిణ్ణి 'హలో అక్క' అంటారు.

ఆ పేరెలా వచ్చిందో చెప్పాలంటే ఆవిడ ఉద్యోగం సంగతి చెప్పాలి. ఊపిరి సరిగా అందని రోగులకి ఆక్సిజన్ మిషన్లు ఇళ్ళకే అద్దెకిచ్చే కంపెనీ వాళ్ళది. మిషన్ ఆగినా, గొట్టం చీలినా, కరెంటు పోయి సిలిండరు కావలసొచ్చినా ఆ కంపెనీ నంబరుకి ఫోన్ చేయాలి. ఫోన్లన్నీ ముందు ఒక కంప్యూటరుకి వస్తాయి. అది వాటిని మూడు సెంటర్లకి పంచుతుంది. ఒకటో సెంటరు మా ఊళ్ళోనే, అక్క ఆఫీసులోనే, మిగతా రెండూ వేరే ఊళ్ళలో. ఎక్కడ తీరిగ్గా ఉన్నారో చూసి, అక్కడికి పంపడం కంప్యూటరు పని. కంప్యూటరు నుంచి సెంటరు దాకా ఉన్న దారిని లింకు అంటారు. ఆ లింకులు బాగున్నాయో లేదో బోర్డు ముందు కూర్చుని చూడటం మా అక్క పని. బాగుంటే పచ్చ దీపం, పోతే ఎర్ర దీపం. ఎర్రదైతే కంప్యూటరే ఆ దారి మూసేసి మిగతా రెండింటికీ ఫోన్లు మళ్ళిస్తుంది. అక్క లింకు కంపెనీ వాళ్ళకి కబురు పెట్టి, వాళ్ళు బాగుచేసేదాకా వెంటపడుతుంది. వెంటపడటంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు.

"లింకు పూర్తిగా పోతే గోలే లేదే" అనేది నాతో. "పోయిందని దానికే తెలుస్తుంది. సగం పోయిన లింకుందే, దాంతోనే చావు. అది పోయిందని దానిక్కూడా తెలియదు."

ఈ అనుమానం ఈనాటిది కాదు. పంతొమ్మిదో ఏట ఒక ఆస్పత్రిలో ఫోన్ బోర్డు మీద చేరిందట. అప్పట్లో తీగ తీసి కన్నంలో గుచ్చితే ఇటువాళ్ళూ అటువాళ్ళూ మాట్లాడుకునేవాళ్ళు. ఒకరోజు తీగ గుచ్చి, పనైపోయిందనుకుని పక్కకి తిరిగింది. ఆ తీగ లోపల తెగి ఉంది. ఒక నర్సు పావుగంటసేపు డాక్టరుగారితో మాట్లాడుతున్నాననుకుని గోడతో మాట్లాడింది. ఆ సాయంత్రం పెద్ద ఆపరేటరు ఈవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "తీగ గుచ్చితే పని అయినట్టు కాదమ్మాయ్. అవతల గొంతు నీ చెవిన పడితే అయినట్టు" అందట. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో, మెల్లగా చెప్పింది కాబట్టి దిగబడిపోయింది అంటుంది అక్క.

అందుకని రోజుకి పది పన్నెండు సార్లు తన సొంత ఫోన్లోంచి తమ కంపెనీ నంబరుకే ఫోన్ చేసేది. బస్సులోంచి, కూరగాయల బజారులోంచి, పెళ్ళికెళ్తే భోజనాల వరసలోంచి. అవతల ఏ అమ్మాయో ఎత్తగానే, "హలో, వినబడుతోందా? ఎన్నో సెంటరమ్మా? సరే, ఉంటా" అని పెట్టేసేది. మూడు సెంటర్లూ తగిలేదాకా వదిలేది కాదు. 'హలో అక్క' అలా అయింది.

కొత్త మేనేజరొచ్చాక దీనికి అడ్డు పడింది. ఆయన చెడ్డవాడేం కాదు. కాకపోతే బోర్డు మీద అంకెలు అందంగా ఉండాలి ఆయనకి. ఆరు సెకన్ల కాల్స్ వల్ల లెక్కలు పాడవుతున్నాయి, ఇకమీదట ఎవరూ ఇలా పరీక్ష కాల్స్ చేయకూడదు అని కాగితం మీద రాసి అందరిచేతా సంతకాలు పెట్టించాడు. అందరిచేతా అన్నమాటేగానీ, అది ఒక్కరి కోసం రాసిన కాగితం.

ఆ తర్వాత మూడు వారాలు మా ఇల్లు ఇల్లులా లేదు. ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరిగేది. కట్టేసిన కుళాయి మళ్ళీ కట్టేది. వేసిన గడియ తీసి మళ్ళీ వేసేది. కంపెనీకి చేయాల్సిన ఫోన్లన్నీ మా బావగారికి చేయడం మొదలుపెట్టింది. ఆయన పిల్లల్ని దింపడానికి బస్సు ఆపిన చోటల్లా ఫోను. "వినబడుతోందా?" "వినబడుతోంది తల్లీ, ఇరవయ్యేళ్ళ నుంచీ వినబడుతూనే ఉంది, నన్నొదిలెయ్" అనేవాడాయన.

అదిగో, అలాంటి రోజుల్లో ఒక మంగళవారం జరిగిందిది. ఆఫీసులో జరిగింది నేను చూడలేదు. అక్కా, ఆవిడ పక్క సీటావిడా చెప్పింది కలిపి చెప్తున్నాను. మా వీధుల్లో జరిగింది మాత్రం నేను కళ్ళారా చూసిందే.

ఆ రోజు పొద్దున పదిన్నర దాటాక బోర్డు మీద అంకెలు బాగుపడటం మొదలైంది. ఎదురుచూసేవాళ్ళు రోజూ పదిమందీ పదిహేనుమందీ ఉండేవాళ్ళు, ముగ్గురయ్యారు. తర్వాత ఒక్కరు. పదకొండున్నరకి సున్నా. ఫోన్ చేసిన వాళ్ళకి రెండు సెకన్లలో జవాబు. మాట్లాడే సమయం నాలుగు నిమిషాల నుంచి ఒక నిమిషానికి పడిపోయింది. అన్నిట్లోకీ రెండో సెంటరు దూసుకుపోతోంది. మేనేజరు గదిలోంచి బయటికొచ్చి, బోర్డుని ఫొటో తీసుకుని, "ఇదీ పనంటే! ఇది మన రికార్డు!" అని చాక్లెట్లు తెప్పించాడు.

అక్క చాక్లెట్ తీసుకుని చేతిలోనే పట్టుకుని నిలబడింది. కాగితం కూడా విప్పలేదట. "ఇంత బాగుందేమిటి?" అంది పక్క సీటావిడతో.

"బాగుంటే నీకెందుకే ఏడుపు?"

"రోగం ఉన్నవాళ్ళు, వాళ్ళలో సగం మంది ముసలాళ్ళు. ఒక నిమిషంలో మాట్లాడి పెట్టేస్తారా? పేరు చెప్పడానికే రెండు నిమిషాలు దగ్గుతారు."

పన్నెండున్నర దాకా ఓర్చుకుంది. ఎలా ఓర్చుకుందో నాకు తెలియదు. కుర్చీలోంచి లేచి, కూర్చుని, మంచినీళ్ళకి నాలుగుసార్లు వెళ్ళి, చివరికి సంతకం పెట్టిన కాగితాన్ని పక్కన పెట్టి, వరండాలోకెళ్ళి తమ నంబరుకి ఫోన్ చేసింది. ఒకటోసారి అమ్మాయి పలికింది, మూడో సెంటరు. రెండోసారి రెండు రింగులకే ఎత్తారు. ఎత్తాక ఏమీ లేదు. గాలి శబ్దం కూడా లేదు. "హలో, వినబడుతోందా?" లేదు. మూడోసారీ అంతే. నాలుగోసారీ అంతే.

పరుగున మేనేజరు గదికెళ్ళి చెప్పింది.

"మీ ఫోన్లో సిగ్నల్ ఉండి ఉండదు మేడమ్" అన్నాడాయన. "అయినా మీరు చేయకూడదు కదా."

ఆవిడ వాదించలేదు. వెళ్ళి వాచ్‌మన్ ఫోన్ అడిగి తీసుకుని చేసింది. రోడ్డు దాటి మందుల షాపులో తీగ ఫోన్లోంచి చేసింది. మొత్తం పది సార్లు చేస్తే ఏడుసార్లు ఎవరో ఎత్తారు, ఎత్తి ఊరుకున్నారు. అప్పుడు రెండో సెంటరు సూపర్‌వైజరుకి నేరుగా ఆవిడ సొంత సెల్‌కి చేసింది.

"ఇవాళ పని ఎలా ఉందమ్మా?"

"పనా? ఈగలు తోలుకుంటున్నాం అక్కా. పదకొండు గంటల ముందు నుంచీ ఒక్క ఫోను రాలేదు. అందరూ మీకే చేస్తున్నారేమో అనుకున్నాం. మా దగ్గర ముప్ఫైమందీ కబుర్లు చెప్పుకుంటున్నారు."

"మాకు చెప్పలేదేం?"

"బోర్డు పచ్చగానే ఉందిగా?"

అక్క ఆ సెల్ అలాగే పట్టుకుని మేనేజరు గదిలోకెళ్ళి, ఆయన బల్ల మీద పెట్టి, "మీరే వినండి సార్" అంది. "ఆవిడేమో ఒక్క కాల్ రాలేదంటోంది. మన బోర్డేమో రెండో సెంటరు మూడువందల కాల్స్ మాట్లాడిందంటోంది. ఆ మూడువందలూ ఎవరు మాట్లాడారు?"

జరిగిందిది. రెండో సెంటరు గుమ్మంలో ఒక పెట్టె ఉంటుందట. వచ్చిన ఫోన్ అందుకుని లోపల బల్లలకి చేర్చాలి. ఆ పెట్టె అందుకోవడం బాగానే అందుకుంటోంది, 'ముట్టింది' అని కంప్యూటరుకి చెప్తోంది. లోపలికి మాత్రం చేర్చటంలేదు. ఫోన్ చేసినవాళ్ళు హలో హలో అని పది సెకన్లు అరిచి పెట్టేస్తున్నారు. కంప్యూటరు చూసి, ఆహా, రెండో సెంటరు వాళ్ళు ఎంత చురుకు, పది సెకన్లలో పని తేల్చేసి ఖాళీ అవుతున్నారు అనుకుని, ఇంకా ఇంకా అటే పంపుతోంది. పాడైన చోటే ఖాళీగా కనబడుతుంది కదా. మధ్యాహ్నానికి మూడు ఫోన్లలో రెండు ఆ గోతిలోకే పోతున్నాయి.

మేనేజరు మొహం తెల్లబోయింది. లింకు కంపెనీకి ఫోన్ చేశాడు. వాళ్ళు మా వైపు నుంచి లింకు బాగుంది, ఫిర్యాదు రాసుకుంటాం, నాలుగు గంటల్లో మనిషిని పంపుతాం అన్నారు.

"అప్పటిదాకా ఆ లింకు మూసేద్దాం సార్" అంది అక్క.

"పచ్చగా ఉన్న లింకు మూయాలంటే హెడ్డాఫీసు ఉత్తరం కావాలి. మూసేస్తే రెండు సెంటర్ల మీదే బరువంతా పడుతుంది. జనం పావుగంట ఎదురుచూడాలి. రేపు నన్ను అడుగుతారు."

"ఎదురుచూస్తే పాట వినబడుతుంది సార్. పాట వినబడితే అవతల మనుషులున్నారని తెలుస్తుంది. ఇప్పుడేం వినబడుతోంది వాళ్ళకి?"

ఆయన హెడ్డాఫీసుకి ఫోన్ కలుపుతున్నాడు. అవతల ఎవరో మీటింగులో ఉన్నారు. అక్క గుమ్మం దగ్గర నిలబడి ఒక నిమిషం చూసింది. రెండో నిమిషం చూడలేదు. తన సీటుకొచ్చి, తన పేరుతోనే కంప్యూటరులోకెళ్ళి, రెండో సెంటరు లింకు మూసేసింది. అప్పుడు టైము ఒంటిగంటా ఇరవై.

బోర్డు మీద ఎదురుచూసేవాళ్ళ సంఖ్య సున్నా నుంచి పన్నెండు, ఇరవై ఏడు, నలభై ఆరు. అంకెలన్నీ ఎర్రగా మారి గది మొత్తం ఎర్రబడింది. హాల్లో అమ్మాయిలు తలెత్తకుండా మాట్లాడుతున్నారు. పక్క సీటావిడ "ఏం చేశావే, చంపావు" అంది. అక్కకి మాత్రం ఆ ఎరుపు చూశాక గుండె కాస్త నెమ్మదించిందట. కనీసం ఉన్నది ఉన్నట్టు కనబడుతోంది.

కానీ కూర్చోలేదు. పొద్దుటి నుంచి రెండో సెంటరు 'ఎత్తిన' కాల్స్‌లో పదిహేను సెకన్ల లోపు ముగిసినవన్నీ బయటికి తీసింది. మూడువందల పద్దెనిమిది కాల్స్. చేసింది నూట నలభై మూడు నంబర్ల వాళ్ళు. ఆ జాబితా ఫొటోలు తీసి రెండో సెంటరు సూపర్‌వైజరుకి పంపింది. "ఈగలు తోలింది చాలు. ముప్ఫైమందీ మీ సొంత సెల్‌ఫోన్లు తియ్యండి. తలా ఐదు నంబర్లు. చేసి, ఏం కావాలో అడగండి. క్షమాపణలు తర్వాత, ముందు ఊపిరి అందుతోందా అని అడగండి."

ఎక్కువసార్లు చేసినవాళ్ళని తను తీసుకుంది. అందరికంటే పైన ఉన్న నంబరు పదకొండు సార్లు చేసింది. పన్నెండూ ఐదుకి మొదటిది, పన్నెండూ యాభైకి ఆఖరిది. ఆ తర్వాత చేయలేదు. అక్క ఆ నంబరుకి చేసింది. మోగింది, ఎత్తలేదు. ఇంకోసారి చేసింది, ఎత్తలేదు. చిరునామా తీసి చూస్తే మా ఇంటికి మూడు వీధుల అవతల, నీళ్ళ ట్యాంకు వెనక సందు.

నేనప్పుడు ఎవరిదో పంట్లాం నడుము విప్పుతున్నాను. ఫోన్ మోగింది.

"ఏమే, ఏం చేస్తున్నావు?"

"ఏముంది, విప్పుతున్నా..."

"ఎక్కడిదక్కడ వదిలెయ్. ట్యాంకు వెనక సందు, ఆఖరి నుంచి రెండో ఇల్లు, ముందు ఇనప గేటు. ఒక పెద్దాయనా భార్యా ఉంటారు. ఆవిడకి ఆక్సిజన్ మిషన్. నువ్వు పరిగెత్తి చూడు. ఎందుకని అడక్కు."

ఆవిడ గొంతు విని నేను అడగలేదు. మెడలో టేపు అలాగే ఉంది, జాకెట్టుకి గుచ్చుకున్న సూది అలాగే ఉంది. చెప్పులు కూడా ఒక జత కాదని గేటు దగ్గర చూసుకున్నాను.

ఇనప గేటు తీసే ఉంది. వీధి తలుపు దగ్గరగా వేసుంది, గడియ లేదు. లోపల్నుంచి కీక్, కీక్ అని ఆగకుండా అరుపు. "అమ్మా, ఎవరండీ లోపల?" అంటూ తోశాను. ముందు గదిలో మంచం. మంచం పక్కన మోకాలెత్తు తెల్ల మిషన్, దాని మీద ఎర్ర దీపం, ఆ అరుపు దానిదే. గొట్టం నేల మీద వంకరలు తిరిగి పడుంది. దుప్పటి సగం కింద. గోడవార ఒక సిలిండరు, దాని పక్కన నేల మీద పానా. మనుషుల్లేరు. వంటింట్లో చూశాను, వెనక చూశాను, లేరు.

మంచం మీద దిండు కింద ఫోను మోగింది.

దిండెత్తి ఫోను తీశాను.

"హలో? హలో, వినబడుతోందాండీ?" అక్క గొంతు.

"నేనే అక్కా."

అవతల చప్పుడు లేదు. ఆ కాసేపట్లో ఆవిడేం అనుకుందో నేనింతవరకూ అడగలేదు.

"మిషన్ అరుస్తోంది. మనుషుల్లేరు" అన్నాను. "ఇద్దరూ లేరు."

"బయటికెళ్ళి ఎవర్నన్నా అడుగు. ఫోన్ పెట్టకు."

ఎదురింటి మేడ మీంచి ఒకావిడ నన్ను చూసి తనే కేకేసింది. "ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళారమ్మా. పాల వ్యాను ఆపి ఎక్కించాం. ఒంటిగంట దాటింది అప్పటికి. కళ్ళు తెరిచే ఉంది కానీ పెదాలు నీలంగా అయిపోయాయి."

ఏ ఆస్పత్రో కనుక్కుని నేను నేరుగా అటే వెళ్ళాను. అక్కకి చెప్తే, "నువ్వక్కడే ఉండు. మాకింకా తొంభై నంబర్లున్నాయి" అంది.

ఆస్పత్రి నడవాలో ఆ పెద్దాయన బెంచీ అంచున కూర్చునున్నాడు. బళ్ళో బొమ్మలు గీయడం నేర్పి రిటైరైన మాస్టారట. లోపల భార్యకి మాస్కు పెట్టారు, ప్రాణానికి భయం లేదు కానీ రెండు రోజులు గడవాలి అన్నారు. "మీకు మూడు వీధుల ఇవతలేనండీ" అని ఆయనకి టీ తెచ్చిచ్చి, అక్క వచ్చేదాకా అలా కూర్చున్నాను.

ఆరింటికి వచ్చింది అక్క. జుట్టు రేగిపోయి, సంచీలో పడేసుకున్న చాక్లెట్టు కరిగిపోయి, వేళ్ళకంతా అంటుకుని. ఆయన ముందు నిలబడి, తనెవరో, ఏ కంపెనీయో, మధ్యాహ్నం ఏం జరిగిందో చెప్పింది. ఏదీ దాచలేదు.

ఆయన విని, "పదకొండు సార్లు చేశానమ్మా" అన్నాడు. "ప్రతిసారీ ఎత్తారు."

"అక్కడ మనిషెవరూ ఎత్తలేదండీ. ఎత్తినట్టు..."

"నాకేం తెలుసు? మోగటం ఆగిందంటే ఎవరో ఎత్తారనే కదా. అమ్మాయ్, వినబడుతోందా, మిషన్ ఆగిపోయింది, సిలిండరు ఉంది, మూత ఎటు తిప్పాలో చెప్పు చాలు అని అరుస్తూనే ఉన్నాను. పానా చేతిలోనే ఉంది. ఇటు తిప్పాలా, అటు తిప్పాలా. అంతే నాకు కావలసింది. మీరసలు ఎత్తకపోయినా బాగుండేది. మోగుతూనే ఉంటే అప్పుడే విసిరికొట్టి వీధిలోకి పరిగెత్తేవాణ్ణి. ఎత్తారు కాబట్టి కూర్చున్నాను. ముప్పావుగంట కూర్చున్నాను."

ఆయన కోపంగా అనలేదు. లెక్క చెప్తున్నట్టు చెప్పాడు. ఇద్దరం ఆటోలో ఇంటికి బయల్దేరాం. వీధి మలుపులో అక్క, "ఎడమ వైపుకే తిప్పాలి. ఎడమకి" అంది, నాతో కాదు.

ఆ పెద్దావిడ తొమ్మిది రోజులకి ఇంటికొచ్చింది. బతికింది, అది నిజం. కానీ అంతకుముందు గొట్టం పెట్టుకుని గుమ్మం దాకా నడిచేది, ఆ తర్వాత మంచం దిగలేదు. ఆ మధ్యాహ్నం వల్లేనా అంటే డాక్టర్లు చెప్పలేమన్నారు. మాస్టారు వేరే కంపెనీ మిషన్ పెట్టించుకున్నాడు. తప్పేముంది?

వారం తిరక్కుండానే అక్కకి మెమో వచ్చింది. అనుమతి లేకుండా పనిచేస్తున్న లింకు మూసినందుకు సంజాయిషీ ఇవ్వమని. 'పనిచేస్తున్న' అన్న మాట చదివి మా బావగారు ఇల్లెగిరిపోయేలా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. విచారణకి హెడ్డాఫీసు నుంచి ఒక ఇంజినీరొచ్చాడు. మాటకారి కాదు గానీ వినడం తెలిసినవాడట.

"ఎలా కనిపెట్టారు?" అని అడిగాడు.

"అంకెలు మరీ బాగున్నాయి సార్."

ఆయన అది రాసుకున్నాడు. మేనేజరు కూడా అక్కడే ఉన్నాడు. "ఆవిడ నాకు చెప్పింది, నేనే నమ్మలేదు" అన్నాడు తనంతట తను. ఆ మాట అనకుండా తప్పించుకుని ఉండచ్చు. అన్నాడు. అందుకని ఆయన్ని చెడ్డవాడనుకోవద్దని మొదట్లోనే చెప్పాను.

రెండు నెలలకి పద్ధతి మారింది. ఇప్పుడు కంప్యూటరే ఐదు నిమిషాలకోసారి ప్రతి లింకు గుండా ఒక ఫోన్ చేసి, అవతలి బల్ల దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి శబ్దం తిరిగొచ్చిందో లేదో చూస్తుంది. దీపం రంగు కాదు, శబ్దం. మూడుసార్లు రాకపోతే తనే ఆ దారి మూసేస్తుంది. ఒకే సెంటర్లో వరసగా చిన్న చిన్న కాల్స్ పడుతుంటే తొందరపడి ఇంకా పంపదు, అనుమానపడి ఆపుతుంది. పచ్చగా ఉన్న లింకునైనా బోర్డు ముందున్న మనిషి మూయచ్చు, ఉత్తరం తర్వాత రాసుకోవచ్చు. ఇదంతా వచ్చింది గానీ మెమో మాత్రం ఆవిడ ఫైల్లోనే ఉండిపోయింది. తీసేయాలని ఎవరికీ తోచలేదు. జీతం పెరగలేదు, ఉద్యోగం పోలేదు.

ఇక ఆవిడ కుదుటపడాలి కదా. మేమూ అలాగే అనుకున్నాం. కానీ ఆ నూట నలభై మూడు నంబర్లలో ఆ సాయంత్రానికి నూట నలభై రెండు పలికాయి. గొట్టం కోసం చేసినవాళ్ళు, బిల్లు కోసం చేసినవాళ్ళు, ఇద్దరు ముగ్గురు నిజంగా కష్టంలో ఉన్నవాళ్ళు, అందరూ దొరికారు. ఒక్క నంబరు పలకలేదు. పన్నెండూ నలభైకి రెండుసార్లు చేసిన నంబరు. మొదటిసారి తొమ్మిది సెకన్లు, రెండోసారి పద్నాలుగు. కంపెనీ ఖాతాదార్లలో ఆ నంబరు ఎవరిదీ కాదు. ఎవరో ఖాతాదారు పక్కింటి ఫోన్లోంచి చేశారేమో, లేకపోతే అసలు నంబరు తప్పు నొక్కారేమో.

"ఎవరో రాంగ్ నంబరే అయ్యుంటుందిలే" అన్నాడు మా బావగారు.

"అయ్యుంటుంది" అంది ఆవిడ. పొద్దున్న లేచి మళ్ళీ చేసింది.

నెలల తరబడి చేసింది. మోగేది, ఎత్తేవాళ్ళు కాదు. కొన్నాళ్ళకి స్విచ్ఛాఫ్ అని వచ్చింది. ఆ తర్వాత ఈ నంబరు వాడుకలో లేదు అని వచ్చింది. అయినా వారానికోసారి చేసేది. ఆ పనైనా మానమని మా అత్తగారు ఒట్టు వేయించుకోబోతే, "ఒట్టు వేస్తే తప్పుతాను, ఎందుకు మీ మీద?" అంది.

ఏడాదిన్నర గడిచింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం మేడ మీద ఆరిన బట్టలు తీస్తున్నాం. ఆవిడ ఒక చేత్తో దుప్పటి కొస పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ చెవిన పెట్టుకుంది. అలవాటైపోయింది, నేను పట్టించుకోలేదు. ఉన్నట్టుండి దుప్పటి వదిలేసింది.

"హలో? హలో... మీరెవరండీ?"

అవతల ఏదో కుర్రగొంతు, పక్కన లారీ హారన్లు. నాక్కూడా వినబడుతోంది.

"ఈ నంబరు మీకు ఎప్పట్నుంచి ఉందండీ? ...పోయిన వారమా? అంతకుముందు ఎవరిదో మీకేమైనా... లేదు లేదు, ఏమీ అమ్మటం లేదు. సరే బాబూ. ఉంటా."

ఫోన్ కిందికి దించింది. తర్వాత ఆ నంబరు తీసేసింది, నా ముందే.

"ఇక తెలియదే" అంది.

దుప్పటి రెండో కొస అందించాను. ఇద్దరం సగానికి మడిచాం, మళ్ళీ సగానికి మడిచాం. మూడో మడత వేయకుండానే ఆవిడ అది నా చేతుల్లో పెట్టేసి మెట్ల వైపు నడిచింది. కింద గేటు చప్పుడైంది. తొంగిచూస్తే, ఆదివారమైనా ఆఫీసు వైపు పోయే బస్సు కోసం రోడ్డు మీద నిలబడుంది. నిలబడలేక, స్టాపు నుంచి స్టాపుకి నడుస్తోంది.